పచ్చ ఊరేగింపులో ముందు వరుస

బాపట్లలో మా పక్కింటామె కూతురు ఐర్లాండులో నర్సు. మొన్న మార్చి నెలలో ఒక పొద్దున నేను వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే ఆమె ఫోను పట్టుకుని పరుగున వచ్చింది.

"పిన్నిగారూ, ఇది చూడండి! మా అమ్మాయి వాళ్ళ ఊళ్ళో ఊరేగింపంట. ఏటా చేస్తారంట. ఊరు ఊరంతా ఆకుపచ్చ బట్టలేనండి!"

కళ్ళజోడు సరిచేసుకుని చూశాను. వెడల్పాటి వీధి, రెండు పక్కలా జనం, పచ్చటోపీలు, డప్పులు, పిల్లనగ్రోవులు. వాటి వెనక చిన్నపిల్లలు. చేతులు రెండూ ఒంటికి అతుక్కుపోయినట్టు పెట్టుకుని కాళ్ళతో మాత్రం ఆడుతున్నారు. అందరికంటే ముందు ఒక పిల్ల ఒంటరిగా ఆడుతోంది.

"ఇదేం డాన్సండీ, చేతులు కట్టేసినట్టు!" అని పక్కింటామె నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. "ఆ ముందున్న పిల్ల మడమ ఆలస్యంగా లేపుతోంది," అన్నాను.

ఆమె నావైపు వింతగా చూసింది. "మీకెలా తెలుసండీ?"

ఏం చెప్పను? ఆ పిల్లకి పదేళ్ళుంటాయేమో. నాకు అరవై దాటాయి. సముద్రాల అవతల, పేరైనా తెలియని ఆ పిల్ల మీద నాకు కడుపులో కుళ్ళు పుట్టింది. అది కొత్తగా పుట్టినది కాదు, నాకు బాగా తెలిసిన కుళ్ళే. దాన్ని మొదట రేపల్లెలో ఎరిగాను.

రేపల్లెలో రైలు పట్టాలు ఆగిపోతాయి. అందుకని లోకమంతా మా ఊరి దాకా వచ్చి ఆగుతుందని చిన్నప్పుడు అనుకునేదాన్ని. నాన్న పడవ మీద సముద్రానికి వెళ్ళేవాడు. అమ్మ మార్కెట్లో చేపలు అమ్మేది. మా వాకిట్లో ఎప్పుడూ నెత్తళ్ళో రొయ్యపొట్టో ఎండుతుండేది. ఆ వాసన మా జడల్లో, పుస్తకాల్లో, పెరుగన్నంలో కూడా ఉండేది. మాకది వాసనలా తోచేదే కాదు. బళ్ళో పక్కపిల్ల ముక్కు మూసుకున్నప్పుడు మాత్రం గుర్తొచ్చేది.

మా బడి తెల్ల సిస్టర్లది. వాళ్ళలో అందరికంటే పెద్దామెది ఐర్లాండు. ఎర్రటి మొహం, ఎండకి పొట్టు లేచిన ముక్కు, మోకాళ్ళ నొప్పులు. ఆమె తెలుగు ప్రార్థన పుస్తకాల్లోంచి నేర్చుకున్నది కాబట్టి "బిడ్డలారా, గోల చేయకుడి" అనేది. మార్కెట్లో కూరగాయల దగ్గర నేర్చుకున్నది కూడా కొంత ఉండేది. "ఏంటమ్మా, ఈ వంకాయ పుచ్చియున్నది" అంటే వంకాయలామె బుట్ట వదిలేసి నవ్వేది.

మార్చి నెలలో, ఒంటిపూట బడి మొదలయ్యే రోజుల్లో, వాళ్ళ దేశంలో ఒక పండుగ వస్తుంది. ఆ రోజు అక్కడ అందరూ పచ్చబట్టలు కట్టుకుని వీధుల్లో నడుస్తారట. ఆ నడకకి దూరమై బతకలేక కాబోలు, ఆమె ఏటా మమ్మల్ని వెంటేసుకుని బడి దగ్గర్నుంచి మార్కెట్టు మీదుగా స్టేషను దాకా నడిపించేది. మా భుజాలకి పచ్చగుడ్డ పట్టీలు కట్టించేది. మగపిల్లలు ఖాళీ పాలపిండి డబ్బాలు పుల్లలతో వాయించేవాళ్ళు. ఆమె దగ్గర రేకు పిల్లనగ్రోవి ఒకటుండేది. మోకాళ్ళు పీకుతున్నా దాన్ని ఊదుతూ నడిచేది.

వాళ్ళ దేశంలో ఆ రోజు మూడు రెమ్మల ఆకు ఒకటి గుండె మీద పెట్టుకుంటారట. అలాంటిది రేపల్లెలో ఎక్కడ దొరుకుతుంది? కాలవగట్టున దొరికే పులిచింతాకు చూసి ఆమె ఎగిరి గంతేసిందని చెప్పుకునేవాళ్ళు. దానికీ మూడు రెమ్మలే. దాన్నే పిన్నీసుతో మా జాకెట్లకి గుచ్చేది. పులిచింతాకు పుల్లగా ఉంటుందని పిల్లలకి వేరే చెప్పాలా? మార్కెట్టు దాటేసరికి ఒక్కరి గుండె మీదా ఆకు మిగిలేది కాదు. స్టేషను దగ్గర ఆమె వెనక్కి తిరిగి చూసి, "పండుగను భుజించితిరా?" అని తల పట్టుకునేది.

ఊళ్ళో పెద్దవాళ్ళకి ఆ ఊరేగింపు ఎందుకో ఏనాడూ అర్థం కాలేదు. టీ కొట్టు దగ్గర ముసలాయన ఒకాయన ఏటా ఒకటే మాట అడిగేవాడు. "ఇది ఏ పార్టీదిరా? ఓట్లెప్పుడు?"

"పార్టీ కాదు తాతా, సిస్టరమ్మ వాళ్ళ ఊరి పండగ."

"వాళ్ళూరి పండగైతే మనూళ్ళో ఎందుకు?" అంటూనే లేచి నిలబడి, కండువా భుజం మీంచి తీసి, మేం వెళ్ళేదాకా అలాగే ఉండేవాడు. పచ్చరంగు చూసి దర్గా వీధి వాళ్ళు అత్తరు చల్లేవాళ్ళు. మా వీధి ఆడవాళ్ళు ఎందుకైనా మంచిదని కాళ్ళకి నీళ్ళు పోసేవాళ్ళు.

ఊరేగింపులో ముందు నలుగురు పిల్లలు ఆడుతూ నడవాలి. వాళ్ళకీ ముందు ఒక్కతే ఒంటరిగా ఆడుతుంది. ఆ ఒక్కతె తనే కావాలని బళ్ళో ప్రతి ఆడపిల్లకీ ఉండేది. నాకు ఆశ కాదు, అది నాదేనన్న లెక్క ఉండేది. ఆ ఆట సిస్టరమ్మ దగ్గర మొదట నేర్చుకున్నది నేనే. సాయంత్రాలు ఆమె వరండాలో కుర్చీలో కూర్చుని వేళ్ళతో చెక్కమీద తాళం కొడుతుంటే నేను ఆడేదాన్ని. కాళ్ళు ఎంత గెంతినా భుజాలు కదలకూడదు, తల మీద నీళ్ళచెంబు ఉన్నట్టు నిలబడాలి. తల మీద బుట్ట పెట్టుకుని నడిచే ఇంట్లో పుట్టినదాన్ని, అది నాకు తేలిగ్గానే వచ్చింది. అమ్మ ఒకసారి చూసి, "ఇదేం ఆటే, చేతులకి పచ్చవాతం వచ్చినట్టు!" అంది. కానీ ఇంటికొచ్చాక చుట్టాలందరి ముందూ ఆడించింది.

నా ప్రాణ స్నేహితురాలు దర్జీగారమ్మాయి. వాళ్ళ నాన్న మిషను బజారు మొగలో ఉండేది. ఏటా మా పచ్చపట్టీలన్నీ ఆయనే మిగులు గుడ్డల్లోంచి కుట్టిపెట్టేవాడు. ఆ పిల్లకి ఆట నేర్పింది నేనే. వాళ్ళ కొట్టు వెనక, బొగ్గు ఇస్త్రీపెట్టె వాసనలో, కత్తిరింపు ముక్కల మీద ఇద్దరం గెంతేవాళ్ళం. దర్జీ బాబాయి మిషను తొక్కుతూ, "బేటీ, మీరు తాళం వెయ్యండి, నేను తొక్కుతాను" అని మా అడుగులకి సరిగ్గా మిషను నడిపేవాడు. వాళ్ళమ్మ సేమ్యా చేసి పెట్టేది.

ఆ ఏడు ముందు నడిచే పిల్ల పేరు సిస్టరమ్మ ప్రార్థన అయ్యాక చెప్పింది. అది నా పేరు కాదు.

నా పక్కనే నిలబడ్డ దర్జీగారమ్మాయి తన పేరు విని బిత్తరపోయి నావైపు చూసింది. నేను ఆమె వైపు చూడలేదు. రెండో వరసలో చివర నాకు చోటిచ్చారు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. చేపల పులుసు వేడివేడిగా ముందు పెట్టినా తినలేదంటే మా ఇంట్లో అది జ్వరం కిందే లెక్క. అమ్మ నుదురు పట్టి చూసి, విషయం అడిగి తెలుసుకుని, తెల్లారి బుట్ట నెత్తిన పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది.

అది శుక్రవారం. ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలంలో శుక్రవారాలు సిస్టర్లు మాంసం తినరు, అమ్మ దగ్గరే చేపలు తీసుకునేవాళ్ళు. అమ్మ నన్ను వంటింటి మెట్టు మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్ళింది. ఆమె గొంతు మార్కెట్టు గొంతు, గోడలకి ఆగేది కాదు.

"మా పిల్లేం తక్కువైందండి? ముందు నేర్చుకుంది అది. ఆ పిల్లకి నేర్పింది అది. చేపలోళ్ళ పిల్ల ముందు నడిస్తే మీ పండక్కి వాసనొస్తదా అమ్మగారూ? ఉన్నమాట చెప్పండి!"

"అమ్మా, కోపించవద్దు. కూర్చొనుము."

"కూర్చోడానికి రాలేదండి!"

తర్వాత సిస్టరమ్మ గొంతు తగ్గిపోయింది. ఏదో చెబుతోంది. అమ్మ మధ్యలో "అయ్యో" అంది. ఇంకాసేపటికి "అట్నా" అంది. బయటికొచ్చేసరికి ఆమె మొహంలో వేడి లేదు.

"ఏం చెప్పిందమ్మా?" అని అడిగాను.

"రెండో వరసలో నడువు. కాళ్ళేం అరిగిపోవు," అంది అమ్మ. ఎన్నిసార్లు అడిగినా అంతకుమించి నోరు విప్పలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ వారంలో నాన్న పడవకి పెద్ద పండుగప్ప పడింది. మా ఇంట్లో పండుగప్ప వండింది నేనెప్పుడూ ఎరగను, అది అమ్మే చేప. అలాంటిది అమ్మ దాని నడిముక్కలు కోసి ఆకులో చుట్టి, "దర్జీ బాబాయి వాళ్ళింట్లో ఇచ్చిరా" అంది. నా చోటు ఆ పిల్లకే, నా ఇంటి చేపా ఆ పిల్లకే! దారంతా ఆ పొట్లం చేతులు కాలుతున్నట్టు పట్టుకుని వెళ్ళాను. ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చి, "లోపలికి రావే" అంది. "పని ఉంది" అని వచ్చేశాను. అప్పటికి మేం మాట్లాడుకోవడం మానేసి కొన్ని రోజులైంది. మాట్లాడకపోయినా రోజూ ఆమె జడ చూసేదాన్ని, ఆమె కొత్త పట్టీ చూసేదాన్ని, వాళ్ళ నాన్న దాని అంచుకి కుట్టిన వెండిరంగు దారం చూసేదాన్ని. మిగతా ఏ పట్టీకీ ఆ దారం లేదు.

ఊరేగింపు రోజు వచ్చింది. పొద్దున్నే ఎండ ముదిరింది. వీధి మొగల్లో మల్లెమొగ్గల బుట్టలు, మురుక్కాలవ మీద సున్నం వాసన, మా పట్టీల గంజి వాసన. నేను రెండో వరస చివర నిలబడ్డాను. అక్కడి నుంచి నాకు ఆ పిల్ల మడమలు తప్ప ఏమీ కనిపించడం లేదు. పాలడబ్బాలు మోగాయి, పిల్లనగ్రోవి ఎత్తుకుంది. ఆ మడమలు లేచి పడుతున్నాయి. ఒక్కసారి తడబడితే బాగుండు, ఒక్క అడుగు తప్పితే చాలు అనుకుంటూ నడిచాను. తప్పలేదు.

మార్కెట్టు దగ్గరికి వచ్చేసరికి సిస్టరమ్మకి దగ్గు తెర పట్టుకుంది. పిల్లనగ్రోవి ఆగిపోయింది. పాట ఆగేసరికి డబ్బాల పిల్లలూ ఆపేశారు. వరసలన్నీ నిలబడిపోయాయి. ఆ పిల్ల మాత్రం ఆగలేదు. వెనక ఏమైందో తెలియనట్టు, అసలు వెనక ఎవరూ లేనట్టు ఆడుతూనే ఉంది. భుజాలు కదలకుండా, చేతులు కదలకుండా. మార్కెట్టు మధ్య రాతి పలకల మీద ఆమె మడమల చప్పుడు ఒక్కటే టకటకా వినిపిస్తోంది. కత్తిపీటల మీద చేతులు ఆగిపోయాయి. టీ కొట్టు ముసలాయన నోరు తెరిచి చూస్తున్నాడు. ఆమె గుండ్రంగా ఒకసారి తిరిగి, మడమ దించి నిలబడగానే మార్కెట్టంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది మా అమ్మ. చేపల పొలుసు అంటిన చేతులతో, మెడ సాచి, నవ్వుతూ.

ఆ చప్పట్లు ఇప్పటికీ నాకు వినిపిస్తాయి. నేనైతే పాట ఆగగానే ఆగిపోయి ఉండేదాన్ని. అది నాకు అప్పుడే తెలిసింది. అందుకే ఇంకా మండింది.

బడికి తిరిగొచ్చాక ఏటా సిస్టరమ్మ పెట్టే విందు ఉండేది. బంగాళాదుంపలు పెద్ద డేగిశాలో ఉడకబెట్టి, పొట్టుతోనే నలిపి, వెన్న, ఉప్పు, మిరియాలపొడి వేసి ఆకుల్లో పెట్టేది. కారం లేని ఆ ముద్ద మాకు ఎందుకంత రుచిగా ఉండేదో! ఆ రోజు మాత్రం నేను దాన్ని ముట్టలేదు. వరండా చివర స్తంభానికి ఆనుకుని కూర్చుంటే ఆ పిల్ల ఆకు పట్టుకుని వచ్చి పక్కన కూలబడింది.

"నామీద కోపమా?" అంది.

"నాకెందుకు కోపం?"

"మేం తెనాలి వెళ్ళిపోతున్నామే. పెదనాన్నకి కళ్ళు సరిగా కనపట్టం లేదంట, కొట్టు నాన్ననే చూసుకోమన్నారు. పరీక్షలవ్వగానే పోతాం. నీకు చెప్పొద్దని సిస్టరమ్మ దగ్గర నేనే ఒట్టేయించుకున్నా. చెప్తే నువ్వు ఏడుస్తావని."

నేను ఆకులోని ముద్దవైపే చూస్తున్నాను. అమ్మ ఎందుకు నోరు విప్పలేదో, పండుగప్ప ఎందుకెళ్ళిందో, వెండిదారం ఎందుకో అన్నీ ఒక్కసారే తెలిశాయి. తెలిస్తే కుళ్ళు పోవాలి కదా? పోలేదు. ఉన్న కుళ్ళు ఉన్నచోటే ఉంది. దాని పక్కన ఏడుపు వచ్చి కూర్చుంది.

ఆ పిల్ల మోచేత్తో కళ్ళు తుడుచుకుని, "నీకేంటే," అంది. "వచ్చే ఏడు ముందు నువ్వేగా. ఆ పై ఏడు కూడా నువ్వే. నాకిదొక్కటే. నిన్ను చూస్తుంటే కుళ్ళుగా ఉంది నాకు."

ఇన్నాళ్ళూ నేను అనలేక మింగుతున్న మాటని ఆమె ఎంత తేలిగ్గా అనేసింది!

పరీక్షలయ్యాక వాళ్ళు మిషను గోనెపట్టాలో చుట్టి, రైలెక్కి వెళ్ళిపోయారు. నేను ఏడాదంతా ఆడాను. కాలవగట్టున తడి మట్టిలో, చేపలెండే దిబ్బ మీద, అమ్మ తిడుతున్నా వానలో. పాట లేకుండా ఆడటం నేర్చుకున్నాను. ఇక మార్చి రావడమే తరువాయి.

చలికాలంలో సిస్టరమ్మకి జబ్బు చేసింది. వాళ్ళ దేశం నుంచి పిలుపొచ్చింది. బడంతా స్టేషనుకి వెళ్ళింది. ఆమె కిటికీలోంచి ఒక్కొక్కరి తల మీదా చెయ్యి పెట్టింది. నా దగ్గరికొచ్చేసరికి, "బిడ్డా, నీ వంతు..." అని ఏదో అనబోయింది. ఇంజను కూత వేసింది. ఆమె వచ్చిన చోటికే రైలు ఆమెని తీసుకుపోయింది. కొత్తగా వచ్చిన పెద్ద సిస్టరు మన దేశపు మనిషే, మంచిదే. మార్చిలో మేం అడిగితే, "పరీక్షలమ్మా, ఎండలమ్మా, చదువుకోండి" అంది. ఆమెకి ఆ పండుగ ఏమవుతుంది గనక? మేం కొందరం పులిచింతాకు గుచ్చుకుని బడికి వెళ్ళాం. ఆ ఏడు ఆకు ఎవరూ తినలేదు. సాయంత్రానికి వాడిపోయింది. ఆ తర్వాత రేపల్లెలో ఆ ఊరేగింపు మళ్ళీ జరగలేదు.

చాలా ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళై బాపట్ల వచ్చేశాను. ఒకసారి మా అబ్బాయిని వెంటబెట్టుకుని పుట్టింటికి బయల్దేరి తెనాలిలో దిగి, రేపల్లె బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. బండి ఆలస్యం. నల్ల బురఖాలో ఒకామె, చంకలో పిల్లతో, మా బెంచీ ముందు ఆగింది.

"ఏమే, నువ్వు చేపలక్క కూతురివి కాదూ?"

గొంతు పోల్చుకోవడానికి నాకు రెప్పపాటు పట్టలేదు. ఆమె ముసుగు ఎత్తింది. ఇద్దరం చేతులు పట్టుకుని ఏం మాట్లాడుతున్నామో తెలియకుండా మాట్లాడాం. ఆమె వాళ్ళ ఆడబిడ్డని రైలెక్కించడానికి వచ్చింది. అమ్మ గురించి అడిగింది, వాళ్ళ నాన్న ఇంకా మిషను తొక్కుతున్నాడని చెప్పింది. ఉన్నట్టుండి గొంతు తగ్గించి, "ఆ పై ఏడు ముందు నువ్వే కదా నడిచింది? పట్టీ ఎవరు కుట్టారు?" అంది.

"ఎక్కడే? ఊరేగింపే జరగలేదు. సిస్టరమ్మ వెళ్ళిపోయింది. ఆ తర్వాత అసలే లేదు."

"లేదా?"

"లేదు."

"అయితే నా తర్వాత ఎవరూ నడవలేదా?"

"నువ్వే ఆఖరు."

ఆమె మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. వెంటనే సిగ్గుపడి నా చెయ్యి గట్టిగా నొక్కింది. "ఏమనుకోకే! ఎన్నేళ్ళు ఏడ్చానో తెలుసా నీమీద! మార్చి వస్తే చాలు, ఇప్పుడది మార్కెట్లో ఆడుతుంటది, అందరూ చప్పట్లు కొడుతుంటారు అని. మా అమ్మ 'ఏమైందే నీకు' అనేది. పెళ్ళైన ఏడు కూడా ఏడ్చా."

నేను నడవని నడకని చూసి కుళ్ళుకున్న మనిషి తెనాలిలో ఒకామె ఉందని ఆ రోజు తెలిసింది. నన్ను చూసి అన్నేళ్ళపాటు అసూయపడేవాళ్ళు లోకంలో ఉంటారని నేనెన్నడూ అనుకోలేదు. అది తియ్యగానే ఉంది. కానీ ఆఖరు ఆమెదే, ఇక ఎప్పటికీ ఆమెదే అన్నది కూడా అప్పుడే గుచ్చుకుంది.

"గుర్తుందా?" అంది ఆమె. చంకలో పిల్లని నా ఒళ్ళో పెట్టింది. అటూ ఇటూ చూసి నిటారుగా నిలబడి, చేతులు ఒంటికి ఆనించుకుంది. నల్ల అంచు కింద మడమలు లేచాయి. భుజాలు కదలడం లేదు, తల కదలడం లేదు. పైపైన చూసేవాళ్ళకి బండి కోసం నిలబడ్డ ఆడమనిషే. మూట నెత్తిన పెట్టుకుని పోతున్న కూలీ ఒకతను "పక్కకి జరుగమ్మా" అని వెళ్ళాడు. అతనికి కూడా తెలియలేదు. జనంతో నిండిన ఆ ప్లాట్‌ఫారం మీద ఆమె ఆడుతున్నదని నాకూ మా అబ్బాయికీ తప్ప ఎవరికీ తెలియలేదు.

"నువ్వు కూడా రావే," అంది.

పిల్లని మా అబ్బాయి పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి లేచాను. చెప్పు ఊడింది, కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడ్డాయి. ఆమె అడుగు పడుతున్నంత తేలిగ్గా నా అడుగు పడలేదు. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఇంతలో బండి వచ్చింది, జనం తోసుకున్నారు. కిటికీ పక్కన చోటు దొరికించుకుని చూసేసరికి ఆమె పిల్లని ఎత్తుకుని, ముసుగు దించుకుని చెయ్యి ఊపుతోంది. బండి కదిలింది.

"ఎవరమ్మా ఆవిడ?" అని మా అబ్బాయి అడిగాడు.

నా స్నేహితురాలు అని చెప్పాలి. నోటికి ఆ మాట రాలేదు.

"మా బళ్ళో ముందు నడిచిన పిల్ల," అన్నాను.